మూడో ముడి క్యాసెట్టులో లేదు

మా పెళ్ళి క్యాసెట్టులో ముళ్ళు రెండే ఉన్నాయి. మొదటి ముడి మా ఆయన వేస్తుంటే కనిపిస్తుంది. రెండోదీ కనిపిస్తుంది. ఆ తరవాత పందిరి గుంజ, పందిరి కప్పు, ఎవరివో చెప్పులు కనిపించి, భోజనాల బంతిలో మా మావయ్య ఒకాయన విస్తరి ముందు కూర్చుని పెరుగు కోసం చెయ్యి ఊపుతుంటాడు. మూడో ముడి లేదు.

మా వైపు పెళ్ళిళ్ళలో మూడో ముడి పెళ్ళికొడుకు వేయడు. రెండు ముళ్ళు అతను వేశాక, పెళ్ళికూతురి వెనక నిలబడిన ఆడపడుచు మూడోది వేస్తుంది. మా పెళ్ళికి ఆ ఆడపడుచు మా ఆయన చెల్లెలు. అప్పటికి తనకి పదిహేనేళ్ళు. పట్టుపరికిణీ కట్టుకుని, చేతులకి మోచేతుల దాకా గోరింటాకు పెట్టుకుని, నాకంటే ముందు తనే తయారై కూర్చుందట.

ముడి క్యాసెట్టులోకి రాకపోవడానికి కారణం నెయ్యి. మా అత్తగారికి అక్షింతలు ఎవరు కలిపినా నచ్చదు. అత్తిలిలో మా పుట్టింటివాళ్ళు కలిపి ఉంచినవి చూసి, "ఇవేం అక్షింతలమ్మా, కోళ్ళకి చల్లే నూకల్లా ఉన్నాయి" అని విడిదింట్లో చాప వేయించుకుని, పసుపు దట్టించి, చేతికి అంటుకునేటంత నెయ్యి పోసి మళ్ళీ కలిపారు. గట్టిమేళం మోగుతూ రెండో ముడి పడగానే ఎవరో విసిరిన గుప్పెడు నేరుగా వెళ్ళి వీడియో ఆయన కెమెరా అద్దానికి అతుక్కుంది. ఆయన చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినకొద్దీ నెయ్యి పాకింది. ఇక లాభంలేదని నీళ్ళ కోసం భోజనాల పందిట్లోకి పరిగెత్తాడు, కెమెరా ఆపకుండానే. అందుకే మా పెళ్ళిలో ఆ మావయ్యకి అంత పేరు వచ్చింది.

నెలన్నర తరవాత క్యాసెట్టు చేతికొచ్చింది. అప్పట్లో ఇంట్లో పెళ్ళి చూసుకోవడమంటే రెండో పెళ్ళే. ఏలూరులో మా ఇంటికి వీసీపీ అద్దెకు తెచ్చారు. ఇరుగుపొరుగుతో కలిపి ముప్పై మంది దాకా కూర్చున్నాం. ఎవరి మొహం తెర మీదికి వస్తే వాళ్ళు "అదిగో నేను" అంటున్నారు, పక్కవాళ్ళు "చూశాంలేవే" అంటున్నారు. మా ఆడపడుచు అందరికంటే ముందు, టీవీకి ముక్కు ఆనించేటంత దగ్గరగా కూర్చుంది. మూడో ముడి రావలసిన చోటికి రాగానే మావయ్య పెరుగు అడిగాడు.

"ఆపండి! వెనక్కి తిప్పండి" అంది.

తిప్పారు. మళ్ళీ మావయ్య. ఇంకోసారి తిప్పించింది. మావయ్య మళ్ళీ చెయ్యి ఊపాడు. ఇల్లంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది.

"నా ముడి ఏదీ?" అంది మా ఆడపడుచు.

ఎవరో వెనక నుంచి, "లేదుగా! ఇది రెండు ముళ్ళ పెళ్ళి" అన్నారు. ఆ పిల్ల లేచి పెరట్లోకి వెళ్ళి మోకాళ్ళలో మొహం పెట్టుకుంది. మధ్యాహ్నం అన్నం తినలేదు. నేను కంచం పట్టుకెళితే, "వదినా, నువ్వు బాగానే ఉన్నావా?" అని అడిగింది. అన్నం మాని ఈ ప్రశ్నేమిటో నాకు అర్థం కాలేదు.

అప్పటి నుంచి తను ఏ పెళ్ళికి వెళ్ళినా, వీడియో ఆయన భుజం మీదికి కెమెరా ఎత్తగానే వంటశాలలోకి వెళ్ళిపోయేది. తన పెళ్ళికి, వీడియో పెడితే పీటల మీద కూర్చోనని మొండికేసింది. మా ఆయనకి చెల్లెలంటే ప్రాణం. "దాన్ని ఏడిపించిన వస్తువు మన ఇంట్లోకి రాకూడదు" అన్నారు. రాలేదు. బారసాలైనా, గృహప్రవేశమైనా ఫొటోలతో సరిపెట్టుకున్నాం.

అలా ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాక, మా అబ్బాయికి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. తాంబూలాల రోజున వియ్యంకుడుగారు ఆకులు వక్కలు పళ్ళెంలో సర్దుతూ, "ఫొటోల సంగతి మేం చూసుకుంటామండీ. వీడియో మీరు మాట్లాడుకోండి" అన్నారు.

మా ఆయన మీసం సవరించుకుని, "మాకు వీడియో అలవాటు లేదండీ" అన్నారు.

చుట్ట అలవాటు లేదన్నట్టు చెప్పారాయన. వియ్యంకుడుగారు నా వైపు చూశారు. నేను తమలపాకుల వైపు చూశాను.

ఇంటికి వచ్చిన మర్నాడు కాబోయే కోడలు ఫోన్ చేసింది. మంచి పిల్ల, మెత్తగా మాట్లాడుతుంది, కానీ మాటలో నిలకడ ఉంది.

"అత్తయ్యగారూ, ఒక్క మాట చెప్పనా అండీ? పెళ్ళిలో అందరూ నన్ను చూస్తారు. నేను మటుకు తల వంచుకుని కూర్చుంటాను. నా పెళ్ళి నేను ఎప్పుడు చూసుకుంటానండీ?"

నిజమే కదా. నా పెళ్ళిలో నేను చూసినదల్లా నా పాదాలు, పీట మీద ఒక చీమ. ఆ చీమ నాకు ఇప్పటికీ గుర్తు. మా ఆయన మొహం ఆ రోజు ఎలా ఉందో క్యాసెట్టు చూశాకే తెలిసింది.

మా ఆయనతో చెప్పాను. ఆయనది మోటార్లకి వైండింగు చేసే షాపు. రాగి తీగ చుడుతూ చుడుతూ తల ఎత్తకుండానే, "నాకు చెల్లెలు కావాలి" అన్నారు.

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. మా అబ్బాయికి అక్కచెల్లెళ్ళు లేరు. ఇంటి ఆడపడుచుగా మూడో ముడి మేనత్తే వేయాలి. వాడు పుట్టిన నాటి నుంచీ, "నీ పెళ్ళానికి ముడి వేసేది నేనేరా" అని తను అంటూనే ఉంది. వాడు కూడా ఎవరడిగినా అదే చెప్పేవాడు.

సరే, తననే అడుగుదామని ఫోన్ చేశాను.

"వీడియో పెట్టుకోండి వదినా. పిల్ల ముచ్చట పడుతోంటే కాదనకూడదు. ముడి మటుకు ఇంకెవరి చేతయినా వేయించండి. నేను వంటల దగ్గర ఉంటాను."

"వంటవాళ్ళు లేరనుకున్నావా అమ్మాయ్?"

"ఉంటే మంచిదే. వాళ్ళకి నేను తోడు" అని ఫోన్ పెట్టేసింది.

ఇంక నాకు అన్నం సహించలేదు. వీడియో వద్దంటే కోడలు గడపలో అడుగు పెట్టకముందే ముచ్చట ఒకటి చంపినదాన్నవుతాను. పెట్టిస్తే, ఆడపడుచు వంటశాలలో గరిటె పట్టుకుని నిలబడుతుంది, ముడి ఎవరో వేస్తారు.

ఈలోగా మా అబ్బాయి తండ్రికి తెలియకుండా ఒక వీడియో అతన్ని ఇంటికి రమ్మన్నాడు. కుర్రాడే, మర్యాదస్థుడు. ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి పాత పెళ్ళిళ్ళు చూపించాడు. ఎవరో జంట పెదవేగి పామాయిల్ తోటలో ఒకరి వెనక ఒకరు పరిగెత్తుతున్నారు. మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "పాపం, ఎవరు తరుముతున్నారు నాయనా వాళ్ళని?" అన్నారు.

"ఎవరూ తరమట్లేదండీ మామ్మగారూ. ఉత్తినే పరిగెత్తుతారు."

"ఎండలోనా?"

తరవాత పైకెగిరే డ్రోన్ చూపించాడు. అది పెళ్ళిమండపం మీద గిరగిరా తిరుగుతోంది. "పప్పు గుండిగలో పడదు కదా?" అన్నారు మా అత్తగారు. పడదని అతను ఒట్టు వేశాడు. ఆవిడకి అతను నచ్చాడు. నాకూ నచ్చాడు. లేచి వెళుతూ, "మరి ఎప్పుడు చెప్తారండీ?" అని అడిగాడు.

"మా ఆడపడుచుని అడిగి చెప్తాను బాబూ."

"ఆవిడ చూస్తారాండీ ఇంట్లో ఇవన్నీ?"

"ఇది మటుకు ఆవిడే చూడాలి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే కైకలూరు బస్సెక్కాను. మా ఆడపడుచు అత్తవారిది కొల్లేటి పక్క ఊరు. రోడ్డు మీద దిగి, ఆటోలో చెరువు గట్ల వెంట కొంత దూరం వెళ్ళాలి. ఇటూ అటూ చేపల చెరువులు, గట్ల మీద బారులు తీరిన కొంగలు, ఆగి ఆగి వాటిని బెదరగొట్టే టపాకాయల చప్పుడు. వెళ్ళేసరికి తను గట్టు మీద కూర్చుని తవుడు సంచులు కడుతోంది. చేపలకి మేత వేయడానికి సంచికి చిన్న చిన్న కన్నాలు పెట్టి, తవుడు నింపి, మూతి కట్టి, నీళ్ళలో పాతిన కర్రలకి వేలాడదీస్తారు. తను తాడు రెండు చుట్లు తిప్పి, ఒక్క గుంజు గుంజి పక్కన పడేస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మాయ్, పని కానీ" అని నేనూ గట్టు మీద చతికిలపడ్డాను.

వాళ్ళాయన, నాకు అన్నయ్య వరస, సంచులు పడవలోకి ఎత్తుతూ, "మీరైనా చెప్పండి చెల్లెమ్మా. ఈవిడ కట్టిన మూతి విప్పాలంటే నాకు కత్తి కావలసి వస్తోంది. తవుడు సంచికి అంత ముడి ఎందుకండీ?" అన్నారు.

"ఊడకుండా ఉండటానికి" అంది మా ఆడపడుచు, ఆయన వైపు చూడకుండానే.

పడవ కాస్త దూరం వెళ్ళాక నేను అసలు సంగతి ఎత్తాను. "అమ్మాయ్, వీడియో మానేయమంటే మానేస్తాను. నీ చెయ్యి పడని పెళ్ళి నాకు వద్దు. కానీ కారణం చెప్పు. క్యాసెట్టులో కనపడలేదని ఇన్నేళ్ళు అలుగుతారా ఎవరైనా?"

తను తాడు కింద పెట్టింది.

"అలిగానని నీకెవరు చెప్పారు వదినా? నాకు భయం."

"కెమెరా అంటేనా?"

"కాదు. ఆ రోజు పసుపుతాడు తడితడిగా ఉంది. నీ పూలజడ అడ్డం. ఒక కొస దొరికింది, రెండోది జారిపోయింది. ఈలోగా మేళం మోగిపోయింది, వెనకనించి ఎవరో నా భుజం పట్టుకుని 'అయిపోయింది, అయిపోయింది' అని లాగేశారు. నేను ముడి వేశానో, ఊరికే నొక్కి వదిలేశానో నాకే తెలియదు. ఎవర్ని అడగను? పోనీ, క్యాసెట్టు వస్తుంది కదా, అందులో చూసుకుందాంలే అని నెలన్నర ఎదురుచూశాను. తీరా చూస్తే ఆయనెవరో పెరుగు అడుగుతున్నాడు."

నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. తన మొహం చూసి మింగేశాను.

"నీకు టైఫాయిడ్ వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా ముడి వల్లేననుకున్నాను. అన్నయ్య స్కూటర్ మీంచి పడ్డప్పుడూ అంతే. మీ ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు నీ మెడ చూసేదాన్ని. ముడి నేనే వేస్తానని వాడితో అన్నాను గానీ, ఆ కెమెరా కనిపిస్తే చాలు, ఆ జారిన కొసే గుర్తొస్తుంది. ఇప్పుడు మళ్ళీ వీడియో ముందు నిలబెట్టి, మన వాడి పెళ్ళానికి ముడి వేయమంటే నా చేతులు ఆడతాయా వదినా?"

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. తను వచ్చినప్పుడల్లా నా మెడ వైపు చూడటం, "గొలుసు గట్టిగానే ఉందా వదినా" అని పట్టి చూడటం నాకు తెలుసు. నేను దాన్ని గొలుసు మీద ఆశ అనుకున్నాను. ఒకసారి తను గుమ్మంలోకి రాగానే కొంగు మెడ చుట్టూ కప్పుకున్నాను కూడా. ఆ గట్టు మీద కూర్చుని సిగ్గుతో ఆ కొంగే నోటికి అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు మెల్లిగా, అన్నేళ్ళుగా నా కడుపులో దాచిన సంగతి బయటకి తీశాను.

"అమ్మాయ్, పదహారు రోజుల పండగకి మా అమ్మ నా పసుపుతాడు మార్చింది. గుర్తుందా?"

"నేను రాలేదుగా. పరీక్షలు."

"అందుకే నీకు తెలియదు. కొత్త తాడు మెడలో వేసి, పాతది విప్పడానికి మా అమ్మ నా వెనక కూర్చుంది. ముళ్ళు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కదా. చివర వేసిన పైముడి విప్పితే గానీ లోపలివి అందవు. ఆ పైముడి నీది. గోటితో లాగింది, రాలేదు. పిన్నీసు పెట్టింది, పిన్నీసు వంగిపోయింది. కొబ్బరినూనె రాసింది. పొయ్యి మీద అన్నం పొంగి, ఉడికి, మా పిన్ని గంజి వార్చేదాకా ఆ ఒక్క ముడితోనే కుస్తీ. 'ఎవరే ఈ ముడి వేసింది, వల అల్లేవాళ్ళ పిల్లా?' అంది మా అమ్మ."

తను కళ్ళార్పకుండా చూస్తోంది.

"నిజంగా?"

"నీ మీద ఒట్టు. నా మెడ నొప్పి పుట్టింది. అది వచ్చాక కదా తమాషా. లోపలివి రెండూ, మీ అన్నయ్య వేసినవి, మా అమ్మ చెయ్యి తగలగానే వాటంతట అవే ఊడొచ్చాయి."

తను గట్టు మీద నా దగ్గరికి జరిగింది. "అంటే వదినా, ఆ పదహారు రోజులూ..."

"నీ ముడి మీదే నిలబడ్డాను."

అప్పుడు చూడాలి దాని నవ్వు. తవుడు చేతులతోనే మొహం కప్పుకుంది, కళ్ళనీళ్ళు వచ్చి తవుడు బుగ్గలకి అంటుకుంది. పడవలో నుంచి అన్నయ్యగారు "ఏమైంది? ఏమైంది?" అని అరుస్తున్నారు. నవ్వు ఆగాక నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? కొత్త కోడల్ని వచ్చి, మీ అబ్బాయి వేసిన ముళ్ళు ఊడిపోయాయండీ అని మీ అమ్మగారితో చెప్పనా? మా అమ్మ నోటి మీద వేలు పెట్టి, 'ఈ మాట గడప దాటకూడదు' అంది. దాటనివ్వలేదు. నువ్వు ఇలా బెంగ పెట్టుకున్నావని నాకు కల వచ్చిందా?"

తను ఇంకో సంచి ముందుకు లాక్కుంది. మూతి కట్టి, గుంజి, ఆ ముడి వైపు కాసేపు చూసుకుంది.

"వీడియో పెట్టించు వదినా. అతను మటుకు నా చేతుల ఎదురుగా ఉండాలి. పక్కకి తిరిగాడంటే ఈ చెరువులో వేస్తానని చెప్పు."

సాయంత్రం ఇంటికి చేరేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాకంటే ముందే ఫోన్ వచ్చిందన్నమాట.

"అబ్బాయికి ముడి వేయడం సరిగ్గా నేర్పించమంటోంది చెల్లి. నాలా కాకుండా అంటోంది. ఏమిటే ఆ మాట?"

"నాకేం తెలుసండీ" అని లోపలికి వెళ్ళాను.

"రోజూ మోటార్లు చుట్టేవాడిని! నా ముడి ఊడుతుందా?" అని గోడలతో అంటున్నారు. అంటూనే షాపులో వాడికి రాగి తీగతో ముళ్ళు వేయడం నేర్పించారు. నేను చూశాను. చూడనట్టు వచ్చేశాను.

పెళ్ళి తాడేపల్లిగూడెంలో, పగటి ముహూర్తం. వీడియో అతను కెమెరాకి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని వచ్చాడు. నెయ్యి కథ నేనే చెప్పి ఉంచాను. మండపంలో ముందుగానే చేతులు జోడించి, "అక్షింతలు ఎవరూ ఇటు వేయొద్దండీ" అని అందరికీ చెప్పుకున్నాడు. మా అత్తగారు అప్పటికే విడిదిలో పళ్ళెం ముందేసుకుని నేతిగిన్నె పట్టుకుని కూర్చున్నారు.

మా అబ్బాయి రెండు ముళ్ళు వేశాడు. వేసి ఒకసారి లాగి చూసుకున్నాడు, తండ్రి నేర్పినట్టే. మా ఆడపడుచు కోడలి జడ పక్కకి జరిపి, రెండు కొసలు పట్టుకుంది. ఈసారి ఏ కొసా జారలేదు. చుట్టు తిప్పి, ఒక్క గుంజు గుంజింది. వెంటనే తల ఎత్తి, "వచ్చిందా బాబూ?" అంది.

అతను కొంచెం నసిగాడు. "మీ కొంగు అడ్డొచ్చిందండీ. వేసినట్టు మళ్ళీ ఒకసారి ఊరికే పెడతారా అండీ?"

"ఊరికే పెట్టడం నాకు చేతకాదు" అని కొంగు నడుముకి దోపుకుని, దాని మీద ఇంకో ముడి బిగించింది.

పురోహితుడుగారు మంత్రం ఆపేశారు. "అమ్మా, మూడేనమ్మా."

"తెలుసండీ. వదిన పెళ్ళిదొకటి ఉండిపోయింది."

నేను తల తిప్పి మా ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నెయ్యి మటుకు పడలేదు ఆయన మీద.

పదహారు రోజుల పండగ మా ఇంట్లోనే చేశాం. వీడియో అతను హైలైట్స్ అని కొంచెం ముక్క ముందుగా పంపితే, మా అబ్బాయి టీవీలో పెట్టాడు. కోడలు టీవీ ఎదురుగా పీట మీద కూర్చుంది, తన పెళ్ళి తను తల ఎత్తుకుని చూస్తూ. వెనక వియ్యపురాలుగారు పాత తాడు విప్పడానికి కూర్చున్నారు. గోరు అయింది. పిన్నీసు అయింది. నేను కొబ్బరినూనె గిన్నె పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను.

"ఇదేం ముడి వదినగారూ! ఎవరు వేశారండీ?" అన్నారావిడ చెమట తుడుచుకుంటూ.

"నేనేనండీ" అంది మా ఆడపడుచు. ఈసారి తను టీవీకి దూరంగా, గోడకి చేరగిలబడి కూర్చుంది. తెర మీద తన చేతులు వచ్చాయి, గాజులతో సహా. ముడి పడింది. దాని మీద ఇంకోటి పడింది. వెనక్కి తిప్పమని తను అనలేదు. నేనే తిప్పించాను.

అంతా అయ్యాక మా అత్తగారు తెర దగ్గరికి జరిగి, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని అడిగారు.

"అది సరే నాయనా, నా అక్షింతలు ఏవీ?"